దొడ్డి గుమ్మంలో పిలుపు

అనగనగా సముద్రానికి దూరంగా, కొండల మొదట్లో ఒక ఊరు. ఆ ఊళ్ళో ముత్తాతల నాటి పెద్ద లోగిలి. ఆ ఇంటికొక ఆచారం ఉండేది, బంగారూ. మధ్యాహ్నం అన్నం వార్చగానే ఇల్లాలు వీధి గుమ్మంలోకొచ్చి, అన్నం తిననివాళ్ళెవరైనా ఉన్నారా, రండమ్మా, అని గట్టిగా పిలిచేది. ఆ పిలుపయ్యాకే ఇంట్లోవాళ్ళు కంచాల ముందు కూర్చునేవారు. ఆకలేసినవాళ్ళు నోరు తెరిచి అడగక్కర్లేకుండా పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి అది.

ఆ ఇంటి కోడలు సూరీడమ్మ. చేతికి ఎముక లేదనిపించుకున్న మనిషే. గాదె నిండుగా ఉన్నన్నాళ్ళూ అందరం అలాంటివాళ్ళమే, నాయనా.

అప్పుడు యుద్ధం వచ్చింది. ఓడరేవు పట్నం మీద విమానాలొచ్చి బాంబులు వేశాయి. బర్మాలోని రంగం నుంచి ఓడల్లో వచ్చే బియ్యం ఆగిపోయాయి. పట్నం జనం మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళ దారి పట్టారు. నడవలేనివాళ్ళని ఎక్కించుకొస్తానని సూరీడమ్మ పెనిమిటి బండి కట్టుకుని వెళ్ళాడు.

మొదట బళ్ళ మీద వచ్చారు. సూరీడమ్మ పిలిచి అన్నం పెట్టింది. ఆ తర్వాత కాలినడకన వచ్చారు. పిలిచి గంజన్నం పోసింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి అంతే లేదు. అప్పుడు సూరీడమ్మ గాదెలోకి తొంగి చూసింది. అడుగు కనబడుతోంది. కొత్త పంట మాట అటుంచి, ఇంకా వానలే పడలేదు. నా పిల్లలకేం పెట్టను అని భయపడింది.

పిలవకపోతే ఇంటికి అరిష్టం, పిలిస్తే గాదె ఖాళీ. అప్పుడేం చేసిందో తెలుసా? వీధి తలుపు గడియ పెట్టి, దొడ్డి గుమ్మంలోకెళ్ళి, గడ్డిమేటు వైపు తిరిగి పిలిచింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు! మొదటి రోజు గేదె తలెత్తి చూసింది. రెండో రోజు అదీ చూడలేదు. సూరీడమ్మ లోపలికొచ్చి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయింది. వీధిలో ఎవరు దగ్గినా తననే అన్నట్టుండేది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటారే, అదే.

మూడో రోజు ఆ ఇంటి ఆడపడుచు మాలచ్చి పట్నం నుంచి నడిచొచ్చింది. ఒక్కతే రాలేదు, తమ వీధి జనాన్ని వెంటబెట్టుకొచ్చింది. తలుపు వేసుంటే కొట్టలేదు. అందరినీ అరుగు మీద కూర్చోబెట్టి, మా పుట్టింట్లో ఎవరూ అడగక్కర్లేదు, మా వదినే వచ్చి పిలుస్తుందని గర్వంగా చెప్పింది.

ఆ తర్వాత పిలుపు వినబడనే వినబడింది, దొడ్డి వైపు నుంచి. జనం ఎక్కువయ్యారని వడ్డన అటు పెట్టారు కాబోలనుకుని, మాలచ్చి అందరినీ లేపి సందులోంచి తీసుకెళ్ళింది.

సూరీడమ్మ పిలిచి, గేదెకి గడ్డి వేసి ఇటు తిరిగేసరికి ఎదురుగా ముసలివాళ్ళు, చంకల్లో పసిపిల్లలతో తల్లులు, వాళ్ళ ముందు మాలచ్చి.

"సూసినారా? మా వదిన పిలవకుండా ముద్ద ముట్టదని నాను సెప్పలేదేటి?" అంది మాలచ్చి వాళ్ళతో.

వాళ్ళందరూ చేతులెత్తి దణ్ణం పెట్టారు. తిట్టినా బాగుండుననిపించింది సూరీడమ్మకి. సిగ్గుతో చితికిపోయింది. తలొంచుకునే విస్తళ్ళు వేసింది, తలొంచుకునే వడ్డించింది. చాలకపోతే పిల్లల కోసం దాచిన బియ్యం కూడా ఎసట్లో పోసింది. ఒక ముసలాయన నీ కడుపు చల్లగుండాలని దీవిస్తే, ఆ దీవెన వాత పెట్టినట్టు తగిలింది.

అందరూ చేతులు కడుక్కున్నాక మాలచ్చి దగ్గరకొచ్చి మెల్లగా అంది. "రేపట్నించి ఈదిలోకొచ్చే పిలువు వదినా. ముసిలోళ్ళు ఇంత దూరం నడవలేకపోతన్నారు."

తెలిసే అందా, తెలియక అందా? సూరీడమ్మ అడగలేకపోయింది.

మర్నాటి నుంచి వీధిలోకెళ్ళే పిలిచింది. అందరూ కలిసి అంబలి తాగారు, ఉలవలు తిన్నారు, ఎలాగో గట్టెక్కారు. ఆ తర్వాత యుద్ధం ఆగింది, బండి కట్టుకెళ్ళిన పెనిమిటి ఇల్లు చేరాడు, జనం పట్నానికి వెళ్ళిపోయారు, సూరీడమ్మ తల నెరిసింది. మాలచ్చి పుట్టింటికొచ్చినప్పుడల్లా వదిన పక్కనే పడుకుని లోకంలోని కబుర్లన్నీ చెప్పేది. ఆ దొడ్డి గుమ్మం పిలుపు కబురు మాత్రం ఏనాడూ ఎత్తలేదు. అయినా ఇవాళ ఎత్తుతుందేమోనని సూరీడమ్మ దుప్పటి ముఖం మీదికి లాక్కునేది.

పిలుపేమో వీధి బాట పట్టింది,
కథేమో కంచి బాట పట్టింది,
కునుకేమో నీ కంటి బాట పట్టింది.