పారేసిన కణాలు

గైడు జమీలా మేడమ్ సమర్ పీహెచ్‌డీ థీసిస్ మీద సంతకం పెట్టడం లేదు. అతని స్కాలర్‌షిప్ ఈ నెలతో ఆగిపోతుంది. ఎలుక చిన్నమెదడులోని నాడీకణాల మీద అతను చేసిన పనిని కమిటీ మొత్తం మెచ్చుకుంది. కణాలన్నీ ఒకే లయలో కొట్టుకుంటున్నాయి. గ్రాఫు అంత అందంగా ఎవరికీ రాలేదు.

ఆ ఉదయం యూనివర్సిటీ గేటు దగ్గర ధర్నాలో, భిన్నంగా ఉన్నవాళ్ళను బతకనివ్వని వ్యవస్థ కూలిపోవాలని నినాదాలిచ్చి, సమర్ నేరుగా ల్యాబ్‌కి వచ్చాడు. మీరూ ఆ వ్యవస్థలో భాగమేనని మేడమ్ మొహం మీదే అన్నాడు.

ఆమె కోప్పడలేదు. కుర్చీ జరిపి, పని మొదలుపెట్టమంది.

సమర్ పలచటి మెదడు ముక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి, సన్నటి గాజు సూదిని ఒక కణానికి ఆనించాడు. కణంలోని విద్యుత్ స్పందనలు స్పీకర్లో చప్పుడుగా మొదలయ్యాయి. గబగబా కొన్ని టక్కులు, నిశ్శబ్దం, మళ్ళీ గబగబా. అతను వెంటనే సూది వెనక్కి లాగేశాడు.

“ఎందుకు తీశావు?”

“పాడైన కణం మేడమ్. ఇలాంటివి రికార్డు చెయ్యను.”

“ఎన్ని వచ్చాయి ఇలాంటివి?”

“లెక్క పెట్టలేదు.”

రెండో కణం బుద్ధిగా ఒకే తీరున టక్ టక్‌మంది. కణమంటే ఇలా ఉండాలన్నాడు సమర్.

మేడమ్ లేచి, ముక్క మీదుగా పారే ఉప్పునీటిలో కొద్దిగా మందు కలిపింది. కణం పొరలో పొటాషియం బయటికి పోయే దారులు, చానెళ్ళు, ఉంటాయి. వాటిలో ఒక రకం చానెళ్ళను మూసే మందు అది. కాసేపటికి లయ చెదిరింది. గబగబా కొన్ని టక్కులు, నిశ్శబ్దం, మళ్ళీ గబగబా.

“ఇదెప్పుడు పాడైంది?” అంది మేడమ్.

ఆమె మందు లేని నీరు పారించింది. కణం మళ్ళీ ఒకే తీరున కొట్టుకుంది.

అతను పారేసినవి పాడైనవి కావేమో, పుట్టుకతోనే ఆ చానెళ్ళు తక్కువున్న కణాలేమో. చిన్నమెదడులో వాటికంటూ ఏదో పని ఉందేమో. తెలుసుకుందామంటే ఇప్పుడు ఆ కణాలు లేవు. వాటి కోసం చంపిన ఎలుకలూ లేవు.

“మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలంటే ఏడాది పడుతుంది మేడమ్. అప్పటికి స్కాలర్‌షిప్ ఉండదు.”

“ఉండదు.”

“కమిటీ ఒప్పుకుంది కదా?”

“ఒప్పుకుంటుంది. వాళ్ళకేం పోయింది?”

ఆమె థీసిస్ తెరిచి, పెన్ను మూత తీసింది.

“సంతకం పెట్టమంటే పెడతాను. ఆ మాట నువ్వే అనాలి.”

స్పీకర్లో కణం కొట్టుకుంటూనే ఉంది. సమర్ ఆమె చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టేశాడు.