గురువుగారి వీరశిల

రాళ్లు చెక్కే బయ్యన్నకి యుద్ధాలంటే గిట్టదు. ఎవరు గెలిచినా, చచ్చినవాళ్ల వీరశిలలు చెక్కాల్సింది తనే. అలాంటిది, పొరుగుకోట మీదికి దండెత్తుతున్నామనీ, ఇంటికొకడు కత్తి పట్టి కదలాలనీ రాజుగారు దండోరా వేయించాడు. బయ్యన్న ఇంట్లో ఆ ఈడువాడు అల్లుడొక్కడే.

దీనికంతటికీ మూలం ఆస్థాన గురువు గరుడాచార్యులు. "కాలం చక్రం మహారాజా! జరిగిందే మళ్లీ జరుగుతుంది. మీ ముత్తాత ఆ కోటను గెలిచిన ఘడియే తిరిగొచ్చింది" అన్నాడాయన. రాజు పొంగిపోయి, ముత్తాత విజయశాసనాన్ని శుభ్రం చేసే పని బయ్యన్నకి అప్పజెప్పాడు.

మూడోనాడు బయ్యన్న కొలతాడుతో సభకొచ్చి, తిన్నగా వెళ్లి దాన్ని గురువుగారి తలకి చుట్టాడు.

"ఏమిట్రా ఇది?" గురువు కస్సుమన్నాడు.

"తమరి వీరశిలకి కొలతలండి. శాసనం అడుగున, మట్టిలో కూరుకుపోయిన అక్షరాల వరుసలు బయటపడ్డాయి. ఆనాడు ముహూర్తం పెట్టిన గురువే జెండా పట్టి సైన్యం ముందు నడిచాడట. మొదటి బాణం ఆయనకే తగిలిందట. జరిగిందే మళ్లీ జరుగుతుందని తమరే సెలవిచ్చారు కదా! ఇప్పుడే కొలుచుకుంటే ముక్కు బాగా కుదురుతుందండి."

"జెండా తెప్పించనా, గురువుగారూ?" అన్నాడు రాజు.

గురువు నుదుటి చెమట తుడుచుకున్నాడు. "లెక్క తప్పింది మహారాజా. కాలం చక్రం కాదు, తిన్నగా పోయే బాట. జరిగింది మళ్లీ జరగదు."

"మా ముత్తాత గెలుపు కూడానా?"

దండయాత్ర ఆగిపోయింది.

శాసనం అడుగున ఏముందో చూడ్డానికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. వెళ్లుంటే నాలుగు వానపాములు కనిపించేవి.