రానివాడి కుండ

నల్లమోడు కొండ కింద, వాగు మలుపు తిరిగే చోట ఒక తాటాకుల పాక ఉండేది. అందులో కాపురం ఎవరిదీ కాదు, పని మాత్రం అయిదుగురిది. ఎద్దు గంగన్న గానుగ తిప్పేవాడు. గిజిగాడు ఈరన్న బుట్టలు అల్లేవాడు. ముళ్ళపంది సుంకమ్మ రాలిన తన ముళ్ళనే సూదులు చేసుకుని విస్తళ్ళు కుట్టేది. ఉడుత పుల్లమ్మ దూది ఏకేది. గాడిద ఓబులేసు మట్టి తొక్కి కుండలు చేసేవాడు.

గానుగ కిర్రుమనగానే ఓబులేసు గొంతెత్తి శ్రుతి కలిపేవాడు.

"ఒరే ఓబులేసూ, నీ పాట ఆపరా! సూది ఆకులో దిగాల్సింది వేలిలో దిగుతోంది," అనేది సుంకమ్మ.

"పాట ఆపితే కుండకి గుండ్రం రాదక్కా!"

రోజూ ఇదే గొడవ. అయినా ఒక్కరూ పాక విడిచి పోలేదు. అక్కడొక కట్టుబాటు ఉంది. పొద్దున రాగానే ఎవరు రాలేదో చూసుకోవాలి. రానివాడి పనికి తలా ఒక చెయ్యి వేశాకే సొంత పనికి కూర్చోవాలి. సుంకమ్మ పిల్లల్ని కన్న నెలలో గంగన్నంతటివాడు కొమ్ముతో పొడిచి పొడిచి విస్తళ్ళు కుట్టాడు. ఆమె తిరిగొచ్చి ఆ కట్ట చూసి, "ఇవి విస్తళ్ళా, జల్లెళ్ళా అన్నా?" అని పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

పాక ఉన్న జాగా అడవి పెద్ద ఏనుగయ్యది. ఇచ్చిననాడే ఆయన ఒక మాట చెప్పాడు. "ఏటా మాఘ పున్నమినాడు పొద్దు నడినెత్తికొచ్చేసరికి నేనొస్తాను. ఇక్కడ అయిదు పనులు సాగుతూ కనబడాలి. ఒక్కటి తగ్గినా, జాగా అడిగినవాళ్ళకి ఇచ్చేస్తాను."

ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు. ఈ ఏడు నక్క చెంగల్రాయుడు అడిగాడు. వాగు ఒడ్డున, నీళ్ళకు వచ్చే కోళ్ళ దారిలో ఉన్న జాగా మరి!

అడిగి ఊరుకున్నాడా? పున్నమి పది రోజులుందనగా తన గుహను ఊడ్చి, లోపల మెత్తటి గడ్డి పరిచి, వాకిట్లో రేగుపళ్ళు పోసి, నేరుగా పాకకే వచ్చాడు.

"ఏం సుంకమ్మక్కా, ఈ గాడిద కూతల మధ్య ఎన్నాళ్ళు? నా గుహకు వచ్చి పని చేసుకోండి, అక్కడ ఎవరి అర వాళ్ళది. పక్కవాడి ఊపిరి కూడా వినబడదు. ఓబులేసూ, నీ పాట విని చెవులు మూసుకునేవాళ్ళు అక్కడ లేరయ్యా! పుల్లమ్మా, నీ దూది మీద ఈ గానుగ నూనె చింది ఎన్నిసార్లు పాడైందో చెప్పు!"

"మొన్ననే రెండుసార్లు," అంది పుల్లమ్మ ఠక్కున.

పొరుగింటి పుల్లకూర రుచి. మర్నాడు పుల్లమ్మ పోయింది. ఆ మర్నాడు ఈరన్న, ఓబులేసు పోయారు. సుంకమ్మ గుమ్మం దగ్గర తచ్చాడింది.

"వద్దంటే ఆగిపోతానన్నా," అంది.

గంగన్న పైకప్పు వంక చూశాడు. ఈ పాక దూలాలు వాగు అవతలి నుంచి ఈడ్చుకొచ్చినవాడు తను. అయినా తల ఎత్తే చెప్పాడు.

"వద్దనడానికి ఇది కట్టుగొయ్య కాదమ్మా, పాక. వెళ్ళి చూసి రా."

ఆమె కూడా పోయింది. గానుగ ఒక్కటే కిర్రుమంది. శ్రుతి కలిపే గొంతు లేక ఆ చప్పుడు గంగన్నకే నచ్చలేదు.

మర్నాడు పొద్దున పాకలోకి రాగానే అలవాటు కొద్దీ చుట్టూ చూశాడు. నలుగురు రాలేదు. ఈరన్న సగంలో వదిలిన బుట్టలో ఒక ఈనె దూర్చాడు. రెండు ఆకులు కలిపి కొమ్ముతో పొడిచాడు. పుల్లమ్మ దూదిలో గింజలు ఏరాడు. ఓబులేసు మట్టి నాలుగడుగులు తొక్కాడు. అప్పుడుగాని గానుగ ముట్టలేదు.

అటు పోతూ నక్క తొంగి చూశాడు.

"ఎవరి కోసం గంగన్నా ఇదంతా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"తొక్కినవాడికే కుండ, చెంగల్రాయుడూ."

"పున్నమి దాటాక నువ్వూ రా. నీకూ ఒక అర ఇస్తాలే!"

గంగన్న మళ్ళీ గానుగ తిప్పసాగాడు. ఆ రోజే కాదు, పున్నమి దాకా రోజూ ముందు ఆ నలుగురి పనికీ చెయ్యి వేశాకే గానుగ ముట్టాడు.

పున్నమినాడు తెల్లవారింది. గంగన్న గానుగకు నూనె రాసి, కాడి కింద మెడ పెట్టాడు. ఒక్క పనితో పాక నిలవదని తెలుసు. పోతే పోనీ, పెద్దయ్య వచ్చేసరికి తను మాత్రం కూర్చుని ఉండకూడదనుకున్నాడు.

పొద్దు బాగా ఎక్కాక వాకిట్లో ముళ్ళ గలగల వినబడింది. సుంకమ్మ వచ్చింది, వెనకే ఈరన్న, పుల్లమ్మ. సుంకమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"ఏమైందమ్మా?"

"ఓబులేసు కాల్లో తుమ్మముల్లు దిగిందన్నా. నిన్న గుహకు రాలేదు. 'మా ఓబులేసు ఏడీ?' అని నక్కను అడిగితే, 'ఎవరూ?' అన్నాడు. 'ఆ మూల అరలో గాడిదయ్యా' అంటే, 'ఓ అదా! ఖాళీగా ఉందని ముంగిసకి ఇచ్చేశా' అన్నాడు. ఒక్క పూట రాకపోతే అన్నా! ఒక్క పూట!"

"నా పక్క అరలో ఎవరున్నారో ఇన్నాళ్ళూ నాకే తెలీదు," అంది పుల్లమ్మ. "నూనె చిందితే చిందనీ."

ఈరన్న అప్పటికే తన బుట్ట దగ్గరికి ఎగిరాడు. అందులో గంగన్న దూర్చిన ఈనెలు పిచ్చిగీతల్లా ఉన్నాయి. ముక్కుతో ఒకదాన్ని లాగబోయి ఆగాడు.

"ఇది తీయను అన్నా. ఇలాగే ఉంటుంది."

అందరూ పనికి కూర్చోబోయారు. పుల్లమ్మకి గుర్తొచ్చి అరిచింది. "అయ్యో, నలుగురమే! ఓబులేసు నడవలేడు. అయిదో పని ఏదీ?"

పొద్దు నడినెత్తికి జానెడు దూరంలో ఉంది. గంగన్న తను తిరిగే బాట వంక చూశాడు. చూసి నవ్వాడు.

"రానివాడెవరో చూసుకున్నాం కదమ్మా. మరి చెయ్యి వేయకుండా కూర్చుంటున్నారేం? ఓబులేసు మట్టి తెచ్చి నా కాళ్ళ కింద పరవండి."

ఈరన్న మట్టిలో రాళ్ళు ఏరాడు. సుంకమ్మ దాన్ని బాట చుట్టూ దొర్లించింది. పుల్లమ్మ తోక తడిపి నీళ్ళు చిలకరించింది. ఆ తర్వాతే ఎవరి పని వాళ్ళు అందుకున్నారు. గంగన్న అడుగు వేశాడు. పైన గానుగలో నూనె, కింద గిట్టల్లో మట్టి.

అప్పుడే నేల అదిరింది. ఏనుగయ్య వచ్చాడు. పక్కనే మీసాలు దువ్వుకుంటూ చెంగల్రాయుడు.

"లెక్కపెట్టండయ్యా, నలుగురే! అయిదోవాడు రానేలేదు. జాగా నాది!"

ఏనుగయ్య తొండం చాచి గంగన్న కాళ్ళ కింది మట్టిని తాకాడు. వెన్నలా ఉంది.

"ఇది ఎవరి పని?"

"ఓబులేసుదయ్యా," అన్నాడు గంగన్న, అడుగు ఆపకుండా. "ముల్లు గుచ్చుకుని రాలేదు. రానివాడి పనికి తలా ఒక చెయ్యి. అది మా కట్టుబాటు."

ఆ మాట అంటుంటే మెడ మీద కాడి కూడా బరువనిపించలేదు.

"చెంగల్రాయుడూ, నేను అడిగింది అయిదు పనులు. అయిదూ సాగుతున్నాయి," అన్నాడు ఏనుగయ్య. "సరే, నీ గుహలోనూ పనివాళ్ళున్నారు కదా. ఇవాళ ఎవరు రాలేదో చెప్పు."

నక్క ఆకాశం చూశాడు. నేల చూశాడు. "ఎవరో... ఒక మూల అరవాడయ్యా..."

"పేరు కూడా గుర్తుపెట్టుకోనివాళ్ళని నువ్వేం నిలబెట్టుకుంటావు? నీకు జాగా ఎందుకు? పద."

నక్క తోక ముడుచుకుని గుహకు పోతే, అక్కడ ముంగిస కూడా లేదు. రేగుపళ్ళు అయిపోయాయట.

మూడో రోజు ఓబులేసు కుంటుతూ పాకకు వచ్చాడు. అతను పని చేసే చోట, తొక్కిన మట్టితో నలుగురూ కలిసి చేసిన కుండ ఆరుతోంది. ఒక పక్క ఉబ్బి, ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. అంచు మీద ఈరన్న ముక్కు గాట్లు, నడుమ సుంకమ్మ గీసిన గీత.

"ఇంత వంకర కుండ ఎవరు చేశార్రా!"

"నీ పాట లేదు కదరా, గుండ్రం రాలేదు," అంది సుంకమ్మ.

ఓబులేసు ఆ కుండను ఎవరికీ ఇవ్వలేదు. పాక వాకిట్లో మంచినీళ్ళకు పెట్టాడు. ఆ దారిన పోయేవాళ్ళు ఎవరైనా ఈ వంకరేమిటని అడిగితే, గంగన్న గానుగ ఆపి మరీ, "అది మా పాక కుండ" అని చెప్పేవాడు.

ఉన్నవాడికి చోటిచ్చేది సత్రం. రానివాడి చోటు కాచేదే మన పాక.