గోడెక్కిన నానాజీ

గెలలంకలో తెలివంటే గవర్రాజు ఇంట్లోవాళ్ళదే. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు. ఊరివాళ్ళకి తీరిక లేదు గనక, ఆ పని కూడా గవర్రాజు ఇంట్లోవాళ్ళే చేసుకునేవారు.

"మన బుర్రని మనం మెచ్చుకోకపోతే పొరుగూరివాళ్ళొచ్చి మెచ్చుకుంటారా?" అనేవాడు గవర్రాజు. మిగతా ముగ్గురూ తలలూపేవారు. ఒకరు అతని పెళ్ళాం మాణిక్యం. ఒకరు వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు నానాజీ. ఇంకొకరు మాణిక్యం తమ్ముడు బుల్లియ్య. బుల్లియ్యకి పెళ్ళి కాలేదు. పెళ్ళిచూపుల్లో "పిల్లని బాగా చూసుకో నాయనా" అన్నారు. చూస్తూ కూర్చున్నాడు. పొద్దుగూకినా లేవలేదు. అంతే, వాళ్ళే లేపి పంపించేశారు.

వాళ్ళ పని కొబ్బరికాయలు లెక్కపెట్టడం. దింపు తీసిన రోజున తోటలో కాయలు గుట్టగా పోస్తారు. గవర్రాజు గుట్ట ముందు గొంతుక్కూర్చుని "లాభం!" అని మొదటి కాయ విసిరేవాడు. ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఆ తరవాత రెండు, మూడు, నాలుగు... పాటలా సాగిపోయేది. నూరు కాగానే ఒక కాయ తీసి పక్కన పెట్టడం బుల్లియ్య పని. అది గుర్తుకాయ. చివర్న గుర్తుకాయలు చూసుకుంటే ఎన్ని వందలో తేలిపోతుంది. అన్నీ అయ్యాక కొనేవాడికి నాలుగు కాయలు కొసరు వేస్తారు. కొసరుకి లెక్కా ఉండదు, ధరా ఉండదు.

మూడు తరాలుగా ఒక్క కాయ తప్పలేదు. వాళ్ళకి వచ్చిన పని అదొక్కటే, అది మాత్రం బాగా వచ్చు. లోకంలో మిగతావన్నీ కూడా కొబ్బరికాయలే అనుకున్నారు. అక్కడే వచ్చింది చిక్కు.

ఒకనాడు నానాజీ సెల్‌ఫోన్ చూస్తూ ఎగిరి గంతేశాడు.

"నాన్నా! గోవాలో నది మీద ఓడంట. అందులో పేకాటంట. బ్లాక్‌జాక్ అంట. ముక్కలు లెక్కపెట్టడం వచ్చినోడే గెలుస్తాడంట. అలాంటోళ్ళు కోటికి ఒక్కడంట!"

"కట్టకి ఎన్ని ముక్కలేంట్రా?"

"యాభై రెండు."

"యాభై రెండు లెక్కపెట్టడానికి కోటికి ఒక్కడా?" గవర్రాజుకి లోకం మీద జాలేసింది.

ఇంకేముంది, సాధన మొదలైంది. కిరాణా కొట్లో పేక కొన్నారు. అరుగు మీద పోసి లెక్కపెట్టారు. లాభం నుంచి యాభై రెండు దాకా గొంతు చెడకుండా వచ్చింది. కానీ కొసరేదీ? నలుగురూ కలిసి కొట్టుకి వెళ్ళి నిలదీశారు. కొట్టతను పెట్టె విదిలించాడు. రెండు జోకర్లు రాలాయి.

"ఇవిగో, ఇవి దేనికీ పనికిరావు. కొసరే అనుకోండి."

"అదీ వ్యాపారమంటే" అని గవర్రాజు అతని భుజం తట్టి వచ్చాడు.

మగాళ్ళు ముగ్గురూ మురిసిపోయి నవ్వుకున్నారు, మాణిక్యం ఒక్కత్తే నవ్వలేదు. పక్కింటి అచ్చియ్యమ్మ ఆ పొద్దున్నే గోడ మీంచి ఒక మాట విసిరింది. "ఓడెక్కినవాడు గోడెక్కుతాడే మాణిక్యం."

గోడెక్కడమంటే ఏమిటో మాణిక్యానికి తెలుసు. వాళ్ళ నడవలో ఫోటోలై గోడెక్కినవాళ్ళు ముగ్గురున్నారు. మావగారు, అత్తగారు, చినమావగారు. ముగ్గురికీ దండలు. ముగ్గురిలో ఒక్కరూ మళ్ళీ భోజనానికి రాలేదు.

"వాడొక్కడూ వద్దు. నేనూ వస్తాను" అంది. కొబ్బరి పీచుతాడు ఒకటి తీసుకుని సంచిలో పెట్టుకుంది. గోవా వాళ్ళకి కావాలి. ఓడ వాళ్ళకి కావాలి. ఆమెకి మాత్రం కొడుకు వెళ్ళినవాడు వెళ్ళినట్టు తిరిగి రావాలి. అంతే.

గోవాలో రేవు దగ్గర ఓడవాళ్ళ ఆఫీసుంది. అక్కణ్ణించి చిన్న పడవలో ఓడకి తీసుకెళతారు. మాణిక్యం పడవ ఎక్కకముందే తాడు తీసి, ఒక కొస నానాజీ నడుముకి కట్టి, ఇంకో కొస తను పట్టుకుంది.

ఆఫీసు మేనేజరు శేషగిరి అని, తుని నుంచి వచ్చినవాడు. తెలుగు వినగానే సంతోషపడ్డాడు. తాడు చూడగానే ఆ సంతోషం సగానికి తగ్గింది.

"అమ్మా, ఓడలోకి చేతిలో ఏమీ పట్టుకెళ్ళకూడదండి."

"సరే బాబూ" అని మాణిక్యం తాడు కొస పళ్ళతో పట్టుకుంది.

శేషగిరికి ఆ రోజు ఇంకా చాలా పనుంది. పోనీలే అనుకున్నాడు. అదే అతను చేసిన తప్పు.

ఓడలో ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లలు. ఒక బల్ల ముందు నానాజీ కూర్చున్నాడు. వెనక గవర్రాజు, పక్కన బుల్లియ్య, తాడంత దూరంలో మాణిక్యం. పేక పంచే అమ్మాయికి తెలుగు రాదు. వాళ్ళ వెంట పడవలో వచ్చిన శేషగిరే ఆట చెప్పాడు.

"చూడు తమ్ముడూ. నీ ముక్కల మీద అంకెలన్నీ కూడితే ఇరవై ఒకటి దాటకూడదు. దాటితే పోయినట్టే. దగ్గరికి రాగానే చాలు అని ఆగిపోవాలి."

"అలాగేనండి" అన్నాడు నానాజీ. శేషగిరి అటు తిరగ్గానే తండ్రి చెవిలో గొణిగాడు. "ఇరవై ఒకటి దగ్గర ఆపమంటాడేంటి నాన్నా? ఇంకా బోలెడు ముక్కలున్నాయిగా."

"ఆపకు. గుట్ట మిగిలుండగా లెక్క ఆపితే అరిష్టం."

అమ్మాయి మొదటి ముక్క వేసింది.

"లాభం!" అని అరిచాడు గవర్రాజు.

ఓడలో సగం మంది ఎవరో గెలిచారనుకుని చప్పట్లు కొట్టారు.

"రెండు! మూడు! వెయ్యమ్మా, ఇంకోటి వెయ్యి! నాలుగు!"

ఇరవై ఒకటి ఎప్పుడో దాటిపోయింది. అమ్మాయి నానాజీ పందెం లాగేసుకుంది. నానాజీ మళ్ళీ పెట్టాడు. మళ్ళీ లాగేసుకుంది. ఒక కట్ట అయిపోయి ఇంకో కట్ట వచ్చినా లెక్క మాత్రం ఎక్కడా తెగలేదు. బల్ల మీద పందెం కాసిన పెద్దమనుషులంతా ఆట మానేసి వంత పాడడం మొదలెట్టారు. "తొంభై తొమ్మిది..." అని గవర్రాజు రాగం తీశాడు. "నూరు!"

అంతే, బుల్లియ్య ఠక్కున బల్ల మీంచి ఒక ముక్క తీసి చంకలో పెట్టుకున్నాడు.

గంటలు మోగాయి. నల్లకోట్లవాళ్ళు నలుగురు పరిగెత్తుకొచ్చారు. శేషగిరి కూడా వచ్చాడు.

"ముక్క దొంగిలిస్తావా?"

"దొంగతనమేంటండీ! గుర్తుముక్క. ఇది పక్కన పెట్టకపోతే ఎన్ని వందలైందో మీకెలా తెలుస్తుంది?"

శేషగిరి నానాజీ వైపు తిరిగాడు. గొంతు తగ్గించి, ఒక్కో మాటా నొక్కి అడిగాడు. "నువ్వు ముక్కలు లెక్కపెడుతున్నావా?"

లోకంలో ఎవడినడిగినా లేదనే చెబుతాడు. నానాజీ ఛాతీ పొంగింది.

"అవునండి!"

"మూడు తరాలనించి!" అన్నాడు గవర్రాజు.

శేషగిరికి పాపం దిక్కు తోచలేదు. ముక్కలు లెక్కపెట్టేవాళ్ళని గెలవకుండా ఆపడానికి బహిష్కరిస్తారు. ఇతను లెక్కపెట్టి మరీ ఓడిపోతున్నాడు. అయినా ఒప్పుకున్నాక వదిలితే పై వాళ్ళు ఊరుకోరు.

"ఇక నువ్వు ఈ బల్ల దగ్గర కూర్చోకూడదు."

"అలాగేనండి" అని నానాజీ లేచి పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఏ బల్ల దగ్గరా కూర్చోకూడదు!"

"అలాగేనండి" అని నిలబడ్డాడు.

"బయటికి నడువు! మళ్ళీ లోపలికి వచ్చి మొహం చూపించావంటే చూడు!"

బయటికి నడిచారు. తలుపు దాటాక గవర్రాజు ఆగి ఆలోచించాడు. "మొహం చూపించొద్దన్నాడు. వీపు మాట ఎత్తలేదు."

"ఎత్తలేదు బావా" అన్నాడు బుల్లియ్య.

ఇంకేముంది, ముగ్గురు మగాళ్ళూ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ లోపలికొచ్చారు. తాడుతో పాటు మాణిక్యమూ. గ్లాసుల పళ్ళెంతో వస్తున్నతని మీద నానాజీ పడ్డాడు, నానాజీ మీద గవర్రాజు, గవర్రాజు మీద బుల్లియ్య. తాడు ఒక నల్లకోటాయన కాళ్ళకి చుట్టుకుంది. పళ్ళ మధ్య తాడుంది గనక మాణిక్యం కేక కూడా వెయ్యలేకపోయింది.

అదే పడవలో వాళ్ళని ఒడ్డుకి తెచ్చేశారు. కాలు నేల మీద పడగానే మాణిక్యం ప్రాణం కుదుటపడింది. కొడుకు నడుముకున్న తాడు విప్పి చుట్టచుట్టింది. మొహం కడుక్కుని వస్తానని కుళాయి దగ్గరికి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే శేషగిరి ఆఫీసులో నానాజీకి ఫోటో తీశాడు.

"ఇదెందుకండీ?" అన్నాడు గవర్రాజు.

"గోడకి పెడతాం. మావాళ్ళు రోజూ చూస్తారు. ఎప్పటికీ గుర్తుంచుకోవాలిగా."

గవర్రాజు కళ్ళు చెమర్చాయి. "చూశావా బుల్లియ్యా! గెలలంకలో ఇంతకాలం లెక్కపెట్టాం. మనల్ని ఎవడైనా గోడకి పెట్టాడా?"

ఫోటో వచ్చింది. చట్రంలో పెట్టి గోడకి తగిలించారు. బుల్లియ్య కాసేపు చూశాడు. ఏదో వెలితిగా అనిపించింది. రేవు దగ్గర పువ్వులమ్మే ఆవిడ దగ్గర బంతిపూల దండ కొనుక్కొచ్చి వేశాడు. అప్పటికి నిండుగా కనిపించింది.

మాణిక్యం మొహం తుడుచుకుంటూ వచ్చింది. గోడ చూసింది.

చెంగు చేతిలోంచి జారిపోయింది.

"అమ్మా, ఏమైందే?" అన్నాడు నానాజీ పక్కనుంచి.

ఆమె వాడి వంక చూసింది. మళ్ళీ గోడ వంక చూసింది.

"ఎప్పుడు పోయావురా?"

"ఎక్కడికే?"

"దండ పడింది కదరా."

నానాజీ గోడ చూశాడు. మొహం పాలిపోయింది. "అవునే... నాకెవరూ చెప్పలేదు."

ఇంకేముంది, నలుగురూ గొల్లుమన్నారు. పోయినవాడు అందరికన్నా గట్టిగా ఏడ్చాడు.

"మనింట్లో దండేసినవాళ్ళలో ఒక్కరైనా తిరిగొచ్చారా బుల్లియ్యా?" అన్నాడు గవర్రాజు వెక్కుతూ.

"రాలేదు బావా."

"అయితే లెక్క తేలిపోయింది."

"ఊపిరి ఆడుతున్నట్టుంది నాన్నా" అన్నాడు నానాజీ ఆశగా.

"అలవాటు మీద ఆడుతుంది నాయనా. తల తెగిన కోడి పరిగెత్తదూ?"

గోల విని శేషగిరి వచ్చాడు. మాణిక్యం రెండు చేతులూ జోడించింది.

"బాబూ, మావాడు మీ లెక్కలో ఉన్నాడా?"

"వాడా? మా లెక్కలో ఇక లేడండి. ఎప్పటికీ రాడు."

ఆ మాటతో ఉన్న కాస్త ఆశా పోయింది. మాణిక్యం బెంచీ మీద కూలబడింది. ఒళ్ళో చుట్టచుట్టిన తాడుంది. ఎందుకు విప్పాను అనుకుంది. నీళ్ళ మీద ఉన్నంతసేపూ పట్టుకున్నాను. నేల మీదకి వచ్చాక వదిలాను. అచ్చియ్యమ్మ ఓడ అంది, గోడ అంది. ఓడ సంగతే చూసుకున్నాను.

కాసేపటికి తలెత్తింది.

"దండ ఎవరేశారు?"

"నేనే అక్కా" అన్నాడు బుల్లియ్య. "అందంగా ఉంటుందని."

మాణిక్యం తమ్ముణ్ణి తిట్టలేదు. లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. మునివేళ్ళ మీద నిలబడి దండ తీసేసింది. తీసి, వెనక్కి తిరగడానికి భయపడి అలాగే నిలబడింది.

"అమ్మా" అన్నాడు నానాజీ. "ఆకలేస్తోందే."

గవర్రాజు కొడుకుని కావలించుకున్నాడు. బుల్లియ్య అక్క తెలివికి దణ్ణం పెట్టాడు. మాణిక్యం మాత్రం చేతిలో దండ చూసుకుంటోంది. పువ్వులు కింద పడెయ్యకూడదు. పక్కనే బంగారు రంగు చట్రం ఒకటుంది, మనిషంత ఎత్తున. వచ్చేవాళ్ళు తల దువ్వుకోవడానికి పెట్టిన అద్దం అది. దాని పైన చిన్న మేకుంది. చూడకుండానే దండ దానికి తగిలించి, అప్పుడు కళ్ళెత్తింది.

చట్రం నిండా మాణిక్యం ఉంది. అదే చీర, అదే బొట్టు. మెడ చుట్టూ బంతిపూల దండ.

మాణిక్యం కళ్ళు తుడుచుకుంది. ఫోటో కూడా తుడుచుకుంది.

"మాణిక్యం!" గవర్రాజు కొడుకుని వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "నువ్వెప్పుడే?"

"ఇప్పుడేనండీ."

"మరి వంట?"

"చేస్తాలెండి."

బుల్లియ్య దండ తియ్యబోయాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుని ఆపింది.

"తియ్యకురా. తీస్తే మళ్ళీ నానాజీ మీదకి పోతుంది. ఉండనీ."

అని, తాడు తీసి కొడుకు నడుముకి మళ్ళీ కట్టింది. ఈసారి రెండు ముళ్ళు వేసింది.

తిరుగు రైలు గుంతకల్లు దాటింది. టీసీ వచ్చి టికెట్లు చూశాడు. మనుషుల్ని చూశాడు. మళ్ళీ టికెట్లు చూశాడు.

"నలుగురున్నారు. మూడు టికెట్లే ఉన్నాయేంటి?"

గవర్రాజు లేచి నిలబడ్డాడు. లెక్క దగ్గర అతను ఎప్పుడూ కూర్చుని మాట్లాడడు, గుట్ట ముందు తప్ప. నానాజీ నెత్తి మీద చెయ్యేసి "లాభం" అన్నాడు. బుల్లియ్య మీద వేసి "రెండు" అన్నాడు. తన గుండె మీద వేసుకుని "మూడు" అన్నాడు.

"లెక్క సరిపోయిందండి."

"మరి ఈవిడో?"

మాణిక్యం ఒక చేత్తో తాడు కొస పట్టుకుని, రెండో చేత్తో కొడుక్కి పులిహోర పొట్లం విప్పుతోంది. తలెత్తి టీసీని చూసి మర్యాదగా నవ్వింది.

"ఆవిడ కొసరండి" అన్నాడు గవర్రాజు.