తిరిపాలు భుజం

వెనకటికి, గోడల వయసు ఎవరూ లెక్కపెట్టని రోజుల్లో, కోటపేట అని ఒక పేట ఉండేది. అన్నీ రాతి మిద్దెలు, సన్న సందులు. అన్నిటికన్నా ఎత్తున మెరక వీధి. అక్కడ ఎంత తవ్వినా బండే గాని నీళ్లు పడలేదు. దిగుడుబావి నుంచి కావడి మోసి ఆ వీధి గొంతు తడిపేవాడు తిరిపాలు.

కావడి ఎత్తేవాడు, నడిచేవాడు, మెరక ఎక్కేవాడు. చెంగల్రాయ శెట్టి ఇంటి మూల వచ్చేదాకా అంతా బాగానే ఉండేది. అక్కడ ఇరుకు మలుపులో కావడి సరిగా తిరిగేది కాదు. ఒక్కోసారి వెనక కుండ రాతికి తగిలి ఠపీమని పగిలేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. "నీళ్లు చాలని చోట ఎన్నాళ్లుంటామప్పా? దిగువకు పోదాం" అని మెరక వీధివాళ్లు మూటలు కట్టడం మొదలుపెట్టారు. ఆ వీధి తప్ప తిరిపాలుకు నా అన్నవాళ్లు లేరు.

ఒక కుండ పగిలింది. పోయి శెట్టిని అడిగాడు.

"సామీ, ఈ మూల కొంచెం చెక్కిస్తే కావడి తిరుగుతాది."

"ఈశాన్యం మూల రా అది! మూల తెగితే వంశం తెగుతాది. పో పో."

రెండో కుండ పగిలింది. పోయి మస్తాను మేస్త్రిని అడిగాడు.

"శెట్టి మాట లేనిదే ఆ గోడ మీద ఉలి పెట్టను తిరిపాలూ" అన్నాడు మేస్త్రి.

మూడో కుండ పగిలింది. ఈసారి ఎవరినీ అడగలేదు. ఆ మూలకే ఆనుకుని కూర్చుని ఏడ్చాడు. అరుగు మీద వత్తులు చేసుకుంటున్న శెట్టి తల్లి నాగమాంబ చూసింది.

"కుండ పోయిందనా రా ఏడుపు?"

"కుండ కాదవ్వా, వీధి పోతాండాది." కళ్లు తుడుచుకుని గోడను పైదాకా చూశాడు. "అవ్వా, నా భుజమెత్తు దాకా చెక్కితే చాలు. దాని పైన మీ మూల మీకే ఉంటాది గదా?"

అవ్వ వత్తులు పక్కన పెట్టి కొడుకును పిలిచింది. "వాడు నీ ఇల్లు అడగలేదు రా, మూరెడు దోవ అడిగినాడు. తాగే నీళ్లకు అడ్డం నిలబడితే వంశానికి మంచిదా?"

శెట్టి బుర్ర గోక్కున్నాడు. తల్లికి ఎదురు చెప్పే రకం కాదు మరి.

మేస్త్రి వచ్చాడు. తిరిపాలు కావడితో నిలబడ్డాడు. మనిషి పొట్టివాడు. మేస్త్రి అతని భుజం దగ్గర బొగ్గుతో గీత గీసి, "ఇంకో జానెడు పైకి కొడదామా?" అన్నాడు.

"వద్దన్నా. అడిగింది చాలు."

గీత దాకా మూల చెక్కారు, పైన అలాగే వదిలేశారు. కావడి తిరిగింది. మెరక వీధిలో మూటలు విప్పారు.

ఏళ్లు గడిచి తిరిపాలు పోయాడు. మెరక వీధంతా కలిసి పాడె కట్టింది. ముసలివాడైన శెట్టి వచ్చి తనూ ఒక కొమ్ము పట్టాడు. మూల దగ్గర పాడె చెక్కని పైరాతికి తగిలి ఆగిపోయింది. మోసేవాళ్లంతా తిరిపాలు కన్నా పొడగరులు.

"వంగండప్పా" అని శెట్టి ముందుగా తనే వంగాడు.

ఆ తర్వాత ఆ రాయి ఇంకాస్త కొట్టిస్తామంటే పేటలో ఎవరూ ఒప్పుకోలేదు. ఇప్పటికీ పెళ్లికూతురి పల్లకీ అయినా, ఊరేగే దేవుడైనా, అక్కడ భుజం దించి వంగి తిరగాల్సిందే. కోటపేటలో సందు మలుపున ఇల్లు కట్టేవాళ్లను, దోవ కోసం మూల ఎంత చెక్కాలో తెలుసుకోవడానికి మేస్త్రి ముందుగా అడిగే మాట కూడా ఒకటే.

"అయ్యా, తిరిపాలుకు ఎంత ఇస్తారు?"