ఒకేసారి మోగిన రెండు గంటలు

అడవిలో వాగుకి అడ్డంగా ఓ మట్టికట్ట ఉంది. కట్టకో తూము, తూముకో చెక్క పలక. పలక ఎత్తితే నీళ్లు కిందికి పోతాయి, దించితే ఆగుతాయి. ఈమాత్రం దానికి చదువెందుకని పందికొక్కు కాపలా ఉన్నన్నాళ్లూ చేతికొచ్చినంత ఎత్తేసేది. ముంగిస మాణిక్యం వాళ్ల బొరియ కట్ట దిగువనే. పోయిన వానకి అది నిండా మునిగింది. మాణిక్యం తమ్ముడు చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డాడు.

దాంతో అడవి పెద్దలు ఓ కట్టుబాటు చేశారు. బడిలో పై తరగతి లెక్కలూ ఫిజిక్సూ రెండూ నేర్చినవాళ్లకే ఇకమీదట తూము కాపలా. లెక్కలు గుడ్లగూబ టీచరమ్మ చెబుతుంది, పగలు గనక కళ్లు మూసుకునే చెబుతుంది. ఫిజిక్స్ ఎద్దు మాస్టారిది. మాణిక్యం రెండింటికీ పేరిచ్చింది.

ఆ సాయంత్రమే, బడి గంట కొట్టే గోపన్న నక్క వాళ్ల గుమ్మంలో వాలాడు.

"అమ్మడూ, రెండూ ఒకేసారి నెత్తికెత్తుకున్నావట! రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏమవుతుందో తెలుసా? ఈ ఏడు లెక్కలు కానియ్యి. ఫిజిక్స్ సంగతి వచ్చే ఏడు చూద్దువుగాని."

"నా మీద నీకెంత దయ మావయ్యా!"

"మరి? నా మేనకోడలి లాంటిదానివి."

మాణిక్యం తల ఊపింది గానీ ముక్కు చిట్లించింది. పిల్లికి బిచ్చం పెట్టనివాడు ఇంటికొచ్చి మరీ సలహా పెడుతున్నాడేమిటి? తూముకాడ చేపలు కుప్పలుగా పడతాయి. ఈ దయకి చేపల వాసన వస్తోంది.

మర్నాడు లెక్కల గంటా ఫిజిక్స్ గంటా ఒకేసారి మోగాయి. ఇక్కడ కూర్చుంటే అక్కడ పాఠం పోతుంది. మళ్లీ వానాకాలం ముంచుకొస్తోంది, పలక మళ్లీ ఏ తెలివితక్కువవాడి చేతికి పోతుందో! మాణిక్యం ఏడుస్తూ కూర్చోకుండా నేరుగా ఎద్దు దగ్గరకి పోయింది.

"మాస్టారూ, మీ పాఠం వేళ ఎందుకు మార్చారు?"

"నేనెక్కడ మార్చానే! టీచరమ్మ అడిగిందని గోపన్న చెప్పాడు."

అటునుంచి గుడ్లగూబ దగ్గరకి పోయింది.

"ఎద్దుగారు పట్టుబట్టారని గోపన్న అన్నాడే!" అని టీచరమ్మ పట్టపగలే కళ్లు తెరిచింది.

పెద్దవాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. ఎద్దు నెమ్మదస్తుడే గానీ వెర్రివాడు కాదు. "అయితే ఒక్క నీడకిందే ఇద్దరం చెబుదాం" అన్నాడు. ఆయన నీళ్ల కుండకి చిల్లు పెట్టి ధార చూపించేవాడు. కుండ ఖాళీ అవుతుంటే ధార ఏ లెక్కన తగ్గుతుందో ఆమె అక్కడికక్కడే నేల మీద గీసేది. మొదట్లో మాణిక్యానికి తల తిరిగింది. పోనుపోను ఒక పాఠంలో చిక్కుపడ్డది రెండో పాఠంలో విడిపోతుంటే, బరువనుకున్నది బరువు కాకుండా పోయింది.

ఇంత జరిగినా గోపన్న కులాసాగా ఈల వేసుకుంటున్నాడు. మాణిక్యానికి అదే కొరుకుడు పడలేదు. ఓ కన్ను అటేసి చూస్తే సంగతి తెలిసింది. నక్క మేనల్లుడు బుల్లోడు ఎద్దు నోరు తెరవగానే ఆవలిస్తున్నాడు. వాడి భుజం మీది చిలక గుడ్లగూబ మొదలెట్టగానే కునుకు తీస్తోంది. వాడికి లెక్కలు, దీనికి ఫిజిక్స్!

"ఇద్దరూ కలిసి జవాబు చెప్పకూడదని కట్టుబాటులో లేదుగా!" అని గోపన్న నవ్వాడు.

పరీక్ష తూము దగ్గరే పెట్టారు. వాగు పొంగి ఉంది. గోపన్న చేపల బుట్ట పట్టుకుని ముందుగానే తూము కింది కాలవలోకి దిగాడు.

"కట్ట తెగకూడదు, కింద బొరియలు మునగకూడదు. పలక ఎంత ఎత్తాలి?" అంది గుడ్లగూబ.

చిలక బుల్లోడి చెవిలో, "లోతు పెరిగిన కొద్దీ నీటి దూకుడు పెరుగును" అంది.

"ఎంత పెరుగును?"

"పెరుగును."

"అది కాదే, దేన్ని దేంతో హెచ్చవేయాలి?"

"పెరుగును, పెరుగును!"

బుల్లోడు కనబడినవన్నీ హెచ్చవేశాడు, లోతునీ పలక వెడల్పునీ చివరికి చిలక తోకనీ. వచ్చిన అంకె చూసి పలక అమాంతం ఎత్తేశాడు.

నీళ్లు ఏనుగులా ఘీంకరిస్తూ దూకాయి. గోపన్న బుట్టతో సహా ఎగిరిపడి, పల్టీలు కొట్టుకుంటూ పోయి ముళ్లపొదలో చిక్కుకున్నాడు. మాణిక్యం "మాస్టారూ!" అని అరిచి పలక మీదికి దూకింది. ఎద్దు మెడ ఆనించి పలక దించాడు. అప్పుడు మాణిక్యం లోతు చూసి, లెక్క కట్టి, పలకని ఓ సందు మేర మాత్రం ఎత్తించింది. నీటిమట్టం తగ్గి దూకుడు తగ్గుతుంటే, తగ్గినదానికి సరిపడా మరికాస్త, మరికాస్త. కట్ట నిలిచింది. దిగువ బొరియల్లో ఒక్క గడప తడవలేదు. గట్టు మీద నిలబడ్డ తమ్ముణ్ణి చూసి మాణిక్యానికి ఏడుపొచ్చేసింది. తూము ఆమె చేతికిచ్చేశారు.

గోపన్న ముళ్లు పీక్కుంటూ కుంటుకుంటూ వచ్చాడు. "అమ్మడూ, నేనేం చెప్పినా నీ మంచికే..."

"తెలుసు మావయ్యా. ఇంతకీ అంత మంచి సలహా బుల్లోడికి చెప్పకుండా, రెండో చదువుకి వాడి భుజం మీద చిలకనెందుకు కూర్చోబెట్టావు?"

గోపన్న నీళ్లు నమిలాడు. అప్పటికే కడుపు నిండా తాగి ఉన్నాడు పాపం.

రెండు చదువులు నీకు బరువని చెప్పేవాడు వస్తే, వాడింట్లో ఎవరేం చదువుతున్నారో ముందు చూసుకో.