చిట్టెలుక కలుగు మీద పలకరాయి

ఓబులేసుకు కావిబట్ట కావాలి. ఉగాదికి ముందు మఠానికొచ్చినవాడు, శనక్కాయ పీకే రోజులొచ్చినా ఇంకా మాసిన పంచెతోనే తిరుగుతున్నాడు. తన వెనకొచ్చిన ఇద్దరు అప్పుడే కావి కట్టేసుకుని, చిన్న చిన్న గడ్డాలు పెంచి, ఊళ్ళోవాళ్ళ చేత దండాలు పెట్టించుకుంటున్నారు. తను మాత్రం గొడ్ల కొట్టంలో పేడ ఎత్తుతున్నాడు. కడుపు మండదూ మరి?

తిక్కయ్య సామి మఠంలో ఒక ఆచారం ఉంది. బట్ట అడిగినవాణ్ణి సామి శాస్త్రాలేవీ అడగడు. "నీ దోవ చూసేవాళ్ళు ఎవరన్నా ఉండారా?" అని ఒక్క మాట అడుగుతాడు. లేరంటే బట్ట చేతికొస్తుంది. ఉన్నారంటే కడుపునిండా అన్నం పెట్టి ఇంటికి పంపేస్తాడు.

ఓబులేసు వంతు వచ్చినప్పుడు, "ఎవురూ లేరు సామీ" అన్నాడు. రెప్పకూడా వాల్చలేదు.

పచ్చి అబద్ధం. కోనాపురంలో అతని పెళ్ళాం లింగమ్మ ఉంది. ఆమె ఒళ్ళో ఆడబిడ్డ ఉంది. ఆ బిడ్డ పుట్టిన నెలకే ఓబులేసు తెల్లారకముందు లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇల్లు దాటాడు. వైరాగ్యం వచ్చిందని తనకు తాను చెప్పుకున్నాడు.

సామి అతని మొహం వంక కాసేపు చూశాడు. "సరే, గుడ్డ కావిలో ముంచి ఆరెయ్. తర్వాత చూద్దాం" అన్నాడు.

ఓబులేసు సంబరంగా కావిరాయి నూరాడు, బట్ట ముంచాడు, ఆరేశాడు, మడత పెట్టి ఇచ్చాడు. సామి దాన్ని తన కొయ్యపెట్టెలో పెట్టి మూతవేశాడు. ఆ 'తర్వాత' మాత్రం రాలేదు.

ఈలోపు ఒక సంగతి జరిగింది. మొక్కు తీర్చుకోడానికొచ్చిన ఒకామె, చేదబావిలో నీళ్ళు తోడుకోవాలని, "అన్నా, రవ్వంత పట్టుకో" అంటూ చంటిదాన్ని ఓబులేసు చేతుల్లో పెట్టింది. అతను అందుకున్నాడు. అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్న సామి చూశాడో లేదో, ఓబులేసు పట్టించుకోలేదు.

మర్నాడు వంగనారు వెయ్యడానికి పెరట్లో పాదులు తవ్వుతున్నాడు. గట్టు దగ్గర పార పడేసరికి గులకరాళ్ళు జలజలా రాలి, మట్టిపెళ్ళ ఊడి, లోపల ఎండుగడ్డి గూడు బయటపడింది. గూట్లో చిట్టెలుక. ఒళ్ళంతా కలిపి బొటనవేలంత లేదు. దాని కింద పిల్లలు ఎర్రగా, శనగ్గింజంత శనగ్గింజంత, వెంట్రుక లేదు, కళ్ళు లేవు, చెవులు ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి.

"దొంగముండ! మన శనక్కాయలన్నీ ఇదే తింటాంది సామీ!" అని పార ఎత్తాడు.

సామి వచ్చి పార కర్ర మీద చెయ్యి వేశాడు. ఎక్కడినుంచో ఒక పలకరాయి తెచ్చి, పైకప్పు పెట్టినట్టు గూటిమీద మెల్లిగా కప్పాడు.

"గుడ్డ గుడ్డ అని నా చెవులు తింటాండావు గదా. ఈ తల్లి ఈ కలుగు వదిలిపెట్టి పోయిన పొద్దు వచ్చి చెప్పు. ఆ పొద్దే కట్టిస్తా" అన్నాడు. "దినానికి ఒక్కసారే ఎత్తి చూడు. ఊరికే ఎత్తినావంటే బెదిరిపోయి పిల్లల్ని నోట కరుచుకుని యాడికో మోసుకుపోతాది."

ఓబులేసుకు లోపల నవ్వొచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని లోకం ఎగతాళి చేస్తుంది గానీ, తనకు తవ్వే పని కూడా లేదు, ఎలుకే ఎదురొచ్చింది. ఇంత చిట్టెలుక, గూడు బయటపడ్డాక ఎన్నాళ్ళుంటుంది? రేపో మాపో పోతుంది. బట్ట వచ్చేసినట్టే.

రేపు వచ్చింది. ఎలుక పోలేదు. రాయి ఎత్తగానే అది పారిపోవాలి గదా! పారిపోకుండా పిల్లలమీద ఇంకా వెడల్పుగా పరుచుకుంది. దాని గుండె కొట్టుకోవడం పైకే కనబడుతోంది. పక్కకు జరిగిన ఒక పిల్ల పొట్ట పల్చటి తోలులోంచి తెల్లగా ఉంది. తాగిన పాలు అవి. ఓబులేసు రాయి మూసేశాడు, కాస్త తొందరగానే.

పిల్లల ఒంటిమీద నూగు వస్తున్న రోజుల్లో, ఒక పొద్దున ఒకటి కదల్లేదు. తల్లి దాన్ని గూటి అంచుకు నెట్టింది. రెండు రోజుల తర్వాత ఇంకొకటి. తల్లి దాన్నీ నెట్టి, వచ్చి మిగిలినవాటి మీద పడుకుంది.

ఓబులేసు రాయి మూయడం మరిచి అక్కడే కూలబడ్డాడు. తర్వాత లేచి విసురుగా సామి దగ్గరకొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రెండు పోయినాయి సామీ. రెండు! అది మళ్ళా పోయి పడుకుని పాలిస్తాండాది. దానికి బుద్ధుందా? రేపు ఇవీ పోతే?"

"మిగిలినవాటికి ఆకలయితాది గదప్పా" అన్నాడు సామి.

ఆ పూట ఓబులేసు అన్నం ముట్టలేదు. మధ్యాహ్నం, మూయని రాయి గుర్తొచ్చి, పోయి మూసి వచ్చాడు. ఎలుక ఇంకా అక్కడే ఉంది.

ఆ మీదట పిల్లల కళ్ళు తెరుచుకున్నాయి. ఆవగింజల్లా నల్లగా మెరుస్తున్నాయి. కళ్ళొస్తే ఇంక కుదురెక్కడ? ఒకటి ఇటు పాకితే ఇంకొకటి అటు పాకేది. తల్లి మెడతోలు పట్టుకుని ఒక్కోదాన్నీ గూట్లోకి ఈడ్చుకొచ్చేది. అది బాగా చిక్కిపోయింది. ఓబులేసు ఎవరూ చూడకుండా నాలుగు శనగ్గింజలు గూటి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు, మొన్న దొంగముండ అన్న నోటితోనే "తినే, తిను" అంటూ. పిల్లలు కూడా గింజ కొరకడం నేర్చాయి.

ఒకనాటి పొద్దున రాయి ఎత్తితే తల్లి లేదు. మరునాడూ లేదు. పిల్లలు మాత్రం తల్లిలో సగం సైజు పెరిగి, రాయి ఎత్తగానే తలో దిక్కుకూ దూకాయి. గూట్లో ఎండుగడ్డి, గింజల పొట్టు, అంతే.

బట్ట వచ్చేసింది. పరుగెత్తాల్సినవాడు, కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచాడు.

"పోయినాది సామీ."

"పిల్లలు?"

"కండ్లొచ్చినాయి. గింజ కొరకడం వచ్చినాది. పరుగెత్తడం వచ్చినాది. అప్పుడు పోయినాది."

సామి లేచి, కొయ్యపెట్టె తెరిచి, కావిబట్ట తెచ్చి అతని చేతుల్లో పెట్టాడు. "కట్టుకో" అని మళ్ళీ శనక్కాయల దగ్గర కూర్చున్నాడు.

ఓబులేసు మడత విప్పలేదు. దాన్ని అలాగే చేతుల్లో పట్టుకుని అడిగాడు.

"సామీ, ఇన్ని పొద్దులు చూసినా గదా... తండ్రి ఎలుక ఒక్క పొద్దు కూడా కనపడలేదే?"

"ఏ మఠంలోనో చేరుంటాది" అన్నాడు సామి, తల ఎత్తకుండా ఇంకొక కాయ ఒలుస్తూ.

ఓబులేసు అరుగు కింద కుప్పకూలిపోయాడు. ఏడుపు ఆగలేదు.

"ముందు పుట్టినోళ్ళిద్దరూ నా చేతుల్లోనే పోయినారు సామీ. ఇది మూడోది. ఎత్తుకున్నప్పుడల్లా ఊపిరి ఆడతాందా అని చూసేవాణ్ణి. ఇది కూడా పోతే చూడలేనని... వైరాగ్యం కాదు సామీ. బయం."

"తెలుసులే. బావికాడ ఆయమ్మ బిడ్డను అందుకున్న పొద్దు చూసినా. మెడ కింద చెయ్యి పెట్టినావు. ఎవురూ లేనోడికి అది తెల్దప్పా."

ఓబులేసు కళ్ళు తుడుచుకున్నాక సామి అడిగాడు. "బిడ్డ పేరేంది?"

"పెట్టలేదు సామీ. పెట్టకముందే వచ్చేసినా."

సామి ఒలిచిన గింజలన్నీ ఒక గుడ్డలో మూటకట్టి అతని భుజానికి తగిలించాడు. అతని చేతుల్లోని కావిబట్ట తీసుకుని దులిపి, మళ్ళీ అదే మడతలో మడిచాడు.

"పో. ఎండెక్కకముందే బయల్దేరు. నీ గుడ్డ యాడికీ పోదు. ఎలుకలు కొట్టకుండా నేను చూసుకుంటాలే."